కొత్త జబ్బు వచ్చిన మొదటి మూడు నెలలు ఇల్లు నడుపుకోవడం ఎలా

ఎక్కడో కొత్త జబ్బు పుట్టిందట అని వార్తలు మొదలైన దగ్గర్నుంచి, దాని తీరు డాక్టర్లకు ఓ మోస్తరుగా అర్థమయ్యే దాకా మధ్యలో కొన్ని నెలలు గడుస్తాయి. ఏ మందు పనిచేస్తుందో తెలియదు, ఎవరికి ప్రమాదమో తెలియదు, ఒకటో తారీఖున జీతం పడుతుందో లేదో తెలియదు, బస్సులు ఎప్పుడు తిరుగుతాయో అసలే తెలియదు. 2020 మార్చి నుంచి జూన్ దాకా, కరోనా వచ్చిన కొత్తలో, మనందరం అలాగే బతికాం. మళ్లీ అలాంటిది వస్తే ఇంట్లో ఏం చేయాలో, అప్పుడు జరిగినవాటిని పట్టుకునే రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, కాబట్టి వైద్యం చెప్పను. వైద్యం గురించి వచ్చే కబుర్లను ఎలా జల్లెడ పట్టాలో మాత్రం చెప్తాను.

ముందే ఒక మాట. ఆ రోజుల్లో సరైన నిర్ణయం తీసుకుందామని కూర్చుంటే తెల్లారిపోతుంది, ఎందుకంటే ఏది సరైనదో చెప్పగలిగేవాళ్లు అప్పటికి ఎవరూ ఉండరు. నెల తర్వాత తప్పని తేలినా మార్చుకోవడానికి వీలున్న నిర్ణయం ఏదో చూసుకుని అది తీసుకోండి. ఉన్నది అమ్మేయడం, ఉద్యోగం మానేయడం, పెద్ద అప్పు తేవడం, ఎవరో చెప్పిన మాత్ర మింగడం, ఇవన్నీ వెనక్కి తీసుకోలేనివి. వాటిని వీలైనంత వాయిదా వేయండి.

టైమ్ ఉంటుంది, మనమే వాడుకోం

2020 జనవరి 30న కేరళలో దేశంలోనే మొదటి కేసు బయటపడింది, అదే రోజు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. హైదరాబాద్‌లో మొదటి కేసు మార్చి 2న. మహమ్మారి అన్న మాట అధికారికంగా వచ్చింది మార్చి 11న, ఆ మర్నాడే నెల్లూరులో ఆంధ్రా మొదటి కేసు. మార్చి 14న తెలంగాణలో బడులు, సినిమా హాళ్లు మూసేస్తున్నట్టు ప్రకటించారు. 22న జనతా కర్ఫ్యూ, 24 రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనపడి ఆ అర్ధరాత్రి నుంచే దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. మర్నాడు ఉగాది. ఆ రాత్రి కిరాణా కొట్ల ముందు తోసుకున్న జనం గుర్తున్నారు కదా, వాళ్లందరికీ దాదాపు ఎనిమిది వారాల టైమ్ ఉండింది.

కాబట్టి మన రాష్ట్రంలో మొదటి కేసు రాగానే సరుకుల జాబితా రాయండి, బడులు మూస్తున్నారని వినగానే తెచ్చేయండి. నెలకు సరిపడా చాలు. మూడు నెలల బియ్యం బస్తాలు పేర్చుకోనక్కర్లేదు, లాక్‌డౌన్ మొత్తంలో పాలు, కూరగాయలు, కిరాణా, మందుల షాపులకు అనుమతి ఉండనే ఉంది. మార్కెట్లో నిజంగా మాయమైనవి మాస్కులు, శానిటైజర్లు, థర్మామీటర్లు. రెండు పొరల మాస్కు 8 రూపాయలు, మూడు పొరలది 10, శానిటైజర్ 200 మిల్లీలీటర్లు 100 రూపాయలకు మించి అమ్మకూడదని కేంద్రం మార్చి 21న ధరలు కట్టడి చేయాల్సి వచ్చిందంటేనే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. వాటిని ముందే కొని పెట్టుకోండి, అది కూడా ఇంటికి సరిపడా మాత్రమే.

పుకార్లను బట్టి తిండి మానేయకండి. చికెన్ తింటే కరోనా అని ఎవరో అంటే కోళ్ల రేట్లు నేలకు పడిపోయాయి, ఫిబ్రవరి చివర్లో హైదరాబాద్‌లో మంత్రులే వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. పౌల్ట్రీ రైతులు నిండా మునిగారు. ఆ వారాల్లో పుకారు పట్టించుకోకుండా కొనుక్కున్నవాళ్లు సగం ధరకే తిన్నారు, అది వేరే సంగతి.

మందులు: మనవి ముందు, కొత్త జబ్బువి తర్వాత

అందరి దృష్టీ కొత్త జబ్బు మీద ఉన్నప్పుడు ఇంట్లో ఉన్న పాత జబ్బుల్ని మర్చిపోతాం. నాన్నగారి బీపీ మాత్ర, అత్తగారి సుగర్, తమ్ముడి ఫిట్స్ మందు, పాపకి ఉబ్బసం ఇన్‌హేలర్, ఇలాంటివి ఒక్క వారం ఆగినా ప్రమాదం. రెండు నెలలకు సరిపడా తెచ్చుకోండి. డాక్టర్ చీటీని ఫోన్లో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరుతో పాటు దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాసుకోండి. ఆ కంపెనీ సరుకు రాకపోతే అదే మందు వేరే కంపెనీది ఇవ్వమని షాపులో అడగొచ్చు, డాక్టర్‌కి ఫోన్ చేసి కనుక్కోవచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్లు ఫ్రిజ్‌లో పెట్టండి, కానీ ఐస్ కట్టే అరలో మాత్రం వద్దు.

డయాలసిస్, కీమో, నెలలు నిండుతున్న గర్భిణి, వీళ్లు ఉన్న ఇల్లయితే ఇంకో పని ఉంది. మీరు వెళ్లే ఆసుపత్రిని ముందే అడగండి, రేపు దీన్ని కొత్త జబ్బుకే కేటాయిస్తే మమ్మల్ని ఎక్కడికి వెళ్లమంటారు అని. 2020లో గాంధీ ఆసుపత్రి మొత్తం కరోనాకే అయిపోయింది, మిగతా రోగులు వేరే చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. మామూలు చెకప్‌లకైతే ఫోన్లో డాక్టర్‌తో మాట్లాడటం నయం, దానికి కేంద్రం 2020 మార్చి 25న నిబంధనలు ఇచ్చింది, ఆ సదుపాయం ఇప్పటికీ ఉంది.

ఇక కొత్త జబ్బుకి మందట అంటూ వచ్చే వాటి సంగతి. హైడ్రాక్సీక్లోరోక్విన్ గుర్తుందా? మార్చి 22, 23 ప్రాంతంలో ఆరోగ్య సిబ్బంది, రోగుల ఇంట్లోవాళ్లు ముందు జాగ్రత్తగా వాడొచ్చని కేంద్రం వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ చెప్పింది. అది విని ఏ సంబంధమూ లేనివాళ్లు అట్టలకు అట్టలు కొనేశారు. లూపస్ (ఒంట్లోని రోగనిరోధక శక్తే ఒంటి మీద దాడి చేసే జబ్బు), కీళ్లవాతం ఉన్నవాళ్లు రోజూ వేసుకునే మాత్ర అది, వాళ్లకు దొరకలేదు. చీటీ లేకుండా అమ్మకూడదని మార్చి 26న ఉత్తర్వు తెచ్చారు. చివరికి బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలో ఆసుపత్రిలో ఉన్న రోగులకు దానివల్ల లాభం లేదని జూన్ 5న తేలింది, జూన్ 15న అమెరికా కూడా అత్యవసర అనుమతి వెనక్కి తీసుకుంది. అంతా కలిపి మూడు నెలలు కూడా పట్టలేదు. ఆ మూడు నెలలు ఓపిక పట్టినవాళ్లకు పోయిందేమీ లేదు.

అదే జూన్ 16న ఇంకో కబురు వచ్చింది, డెక్సామెథసోన్ అనే చవకైన స్టెరాయిడ్ వల్ల వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడోవంతు తగ్గాయని. ఇది నిజం కబురే. కానీ ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు లాభం లేదని కూడా అందులోనే ఉంది, ఆ రెండో ముక్క మన గ్రూపుల్లోకి రాలేదు. కాబట్టి ఏ మందు కబురు విన్నా, ఎవరికి, జబ్బు ఏ దశలో అని అడగండి. జవాబు లేకపోతే వదిలేయండి. నాటు వైద్యమైనా అంతే. చిత్తూరు జిల్లాలో ఎవరో పెట్టిన వీడియో చూసి ఉమ్మెత్త కాయల రసం తాగి ఆసుపత్రి పాలయ్యారు, ప్రకాశం జిల్లా కురిచేడులో అదే ఏడాది జులై చివర్లో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. మొదటివాళ్లది భయం, రెండోవాళ్లది వ్యసనం. ఇంట్లో తాగుడు అలవాటున్నవాళ్లు ఉంటే షాపులు మూతపడకముందే డాక్టర్‌తో మాట్లాడండి, ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు.

మొన్న ఒకటి, ఇవాళ ఒకటి చెప్తున్నారేంటి?

చెప్తారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మాస్కు అక్కర్లేదన్నారు మొదట్లో. ఏప్రిల్ మొదటి వారానికి ఇంట్లో కుట్టుకున్నదైనా సరే కట్టుకోండని మన ఆరోగ్య శాఖ చెప్పింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్ 5న మాట మార్చింది. దీన్ని చూసి వీళ్లకేమీ తెలియదు అనుకుని అందరినీ వదిలేసి వాట్సాప్ బాబాయిని నమ్మినవాళ్లు చాలామంది. సలహా మారిందంటే మధ్యలో ఎవరో పరీక్షించి చూశారని అర్థం. అసలు మారనిది ఏదైనా ఉందంటే అది వాట్సాప్ బాబాయి మాటే.

దీనికి నా పద్ధతి చాలా మోటుది. ఏ సలహా అయినా తేదీతో కలిపి ఒక నోటుబుక్కులో రాసుకోవడం, ఎవరు చెప్పారో పక్కన రాయడం, పదిహేను రోజులకోసారి తిరగేసి పాతబడ్డవాటిని కొట్టేయడం. తేదీ లేని మెసేజ్ వస్తే చదవకుండానే తీసేయండి. టెన్షన్ సగం తగ్గుతుంది.

రుజువు వచ్చేదాకా ఆగాలా వద్దా అన్నది దేని గురించి అన్నదాన్ని బట్టి ఉంటుంది. కిటికీలు తెరవడం, గుంపులోకి వెళ్తే మాస్కు, చేతులు కడుక్కోవడం, దగ్గు వస్తున్నవాళ్లు వేరే గదిలో పడుకోవడం, వీటికి ఖర్చు లేదు, ఒకవేళ అనవసరమని తేలినా నష్టం లేదు, కాబట్టి ఇవాళే మొదలుపెట్టండి. ఒంట్లోకి వెళ్లేవి, డబ్బు పోయేవి, వాటికి మాత్రం రుజువు అడగండి. ఆ రోజుల్లో కూరగాయలు సబ్బు నీళ్లలో కడిగిన ఇళ్లెన్నో, మామూలు నీళ్లు చాలు, సబ్బు కడుపులోకి వెళ్తే అదో గోల.

పెద్దవాళ్లతో గొడవ పడకండి. బయటికి వెళ్లొద్దు నాన్నా అంటే వినరు. "నాన్నా, పేపరు, పాలు నేను తెస్తాను, సాయంత్రం అరుగు మీద నలుగురూ ఎడంగా కూర్చోండి" అంటే వింటారు. టీ కొట్టు దగ్గర స్నేహితుల్ని పూర్తిగా లాగేస్తే వాళ్లకు జబ్బు కంటే అదే పెద్ద బాధ.

ఇంట్లో థర్మామీటర్, వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే పల్స్ ఆక్సీమీటర్ ఉంచుకోండి. కరోనాలో మనిషి మామూలుగానే మాట్లాడుతున్నా ఆక్సిజన్ పడిపోయేది, అందుకే ఆ చిన్న మిషన్‌కి అంత విలువ వచ్చింది. 94 కంటే తగ్గితే ఆలస్యం చేయకూడదన్నది అప్పటి లెక్క, కొత్త జబ్బుకి లెక్క వేరే ఉండొచ్చు, అది వచ్చాక నోటుబుక్కులో రాసుకోండి. ఆయాసం, మాట తడబడటం, పెదాలు నీలంగా మారడం మాత్రం ఏ జబ్బులోనైనా వెంటనే కదలాల్సిన గుర్తులే. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించండి: ఏ ఆసుపత్రి, అది నిండితే ఇంకేది, బండి ఎవరిది, పిల్లలు ఎవరింట్లో ఉంటారు, 108, 104. రాత్రి రెండింటికి ఇవన్నీ ఆలోచించే స్థితిలో ఎవరూ ఉండరు.

డబ్బు

ముందు ఒక లెక్క వేయండి. నెలకు ఎంత లేకపోతే ఇల్లు ఆగిపోతుంది? అద్దె, ఈఎంఐ, బియ్యం పప్పు, పాలు, కరెంటు, గ్యాస్, మందులు, ఫోను. అంతే. అది 28 వేలు అనుకుందాం, బ్యాంకులో 84 వేలు ఉంటే మీ దగ్గర మూడు నెలలు ఉన్నట్టు. ఇకనుంచి డబ్బుని రూపాయల్లో కాకుండా నెలల్లో లెక్కపెట్టండి, ఏది కొనాలో ఏది మానాలో దానంతట అదే తెలిసిపోతుంది.

ప్రభుత్వ ఉద్యోగం కదా మాకేం అనుకోకండి. 2020 మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం ఉద్యోగుల జీతాల్లో సగం, పెన్షన్లలోనూ సగం ఆపేస్తున్నట్టు చెప్పింది, రెండు రోజుల్లో ఒకటో తారీఖు. ఆంధ్రాలోనూ వాయిదా వేశారు. తర్వాత ఇచ్చారు, కానీ ఆ నెల ఈఎంఐ ఆగదు కదా. ప్రైవేటు స్కూలు టీచర్ల పరిస్థితి ఇంకా ఘోరం, కూరగాయలు అమ్ముకున్నవాళ్లు, కూలికి వెళ్లినవాళ్లు ఉన్నారు. అమెరికాలో హెచ్‌వన్‌బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మనవాళ్లకు ఉద్యోగం పోతే 60 రోజులే గడువు, కాబట్టి వాళ్ల లెక్కలో తిరుగు టికెట్ డబ్బు కూడా ఉండాలి.

డబ్బు రెండు బ్యాంకుల్లో ఉంచండి. కరోనాతో సంబంధం లేకుండానే 2020 మార్చి 5న యెస్ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టి ఖాతాకు 50 వేలకు మించి తీయకూడదన్నారు, 18 దాకా అంతే. డబ్బు పోలేదు, చేతికి అందలేదు, ఆ పది పన్నెండు రోజులకే జనం అల్లాడారు. చేతి నగదు రెండు వారాల ఖర్చుకు సరిపడా చాలు. అవసరానికి దాచుకున్నది ఎక్కువ వడ్డీ కోసం మ్యూచువల్ ఫండ్లలో పెట్టొద్దు, షేర్లలో కాకుండా బాండ్లలో పెట్టే డెట్ ఫండ్ అయినా సరే. ఆ ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ అనే మ్యూచువల్ ఫండ్ కంపెనీ ఆరు డెట్ ఫండ్లు ఒకేసారి మూసేసింది, డబ్బు తిరిగి వచ్చింది గానీ చాలా కాలం పట్టింది.

ఈఎంఐ వాయిదా గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని మాఫీ అనుకున్నవాళ్లు బోలెడు. రిజర్వు బ్యాంకు మార్చి 27న మూడు నెలలు కట్టకపోయినా పర్లేదంది, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించింది. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. 30 లక్షల ఇంటి అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు, ఇప్పుడే మొదలైంది అనుకోండి. కంతు 26 వేల చిల్లర. మూడు నెలలు ఆపితే 64 వేలు వెళ్లి అసలులో కలుస్తాయి. కంతు అదే ఉంచితే 240 కంతులకు బదులు 254 కట్టాలి, అంటే మొత్తం మీద మూడున్నర లక్షలకు పైనే అదనం. అప్పు చివరి దశలో ఉంటే ఈ భారం చాలా తక్కువ.

జీతం వస్తూ ఉంటే కట్టేయండి. ఆగిపోతే నిస్సంకోచంగా వాడుకోండి, అది పెట్టిందే అందుకు. జీతం వస్తోంది కానీ ఉంటుందో లేదో అనుమానం అన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. వాయిదా తీసుకుని, ఆ కంతు డబ్బు ముట్టకుండా వేరే ఖాతాలో పెట్టండి, ఉద్యోగం నిలబడితే మూడు నెలల తర్వాత మొత్తం ఒకేసారి అసలుకు కట్టేయండి. నష్టం కొద్దిపాటి వడ్డీ, లాభం ఆ మూడు నెలల నిద్ర. క్రెడిట్ కార్డు బాకీ మాత్రం ఎప్పుడూ వాయిదా వేయకండి, దాని వడ్డీ ఏడాదికి 36 శాతం పైమాటే. అలాగే, "మీ ఈఎంఐ వాయిదా వేస్తాం, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి, అప్పట్లో ఆ మోసం జోరుగా సాగింది.

డబ్బు చాలకపోతే ఏది ముందు తీయాలి? నా వరుస ఇది: పొదుపు ఖాతా, తర్వాత ఎఫ్‌డీ, తర్వాత పీఎఫ్, తర్వాత బంగారం తాకట్టు. పర్సనల్ లోన్, యాప్ లోన్ చిట్టచివర, యాప్ లోన్ అయితే అసలు వద్దు. 2020లో పీఎఫ్ నుంచి మూడు నెలల బేసిక్, డీఏ లేదా ఖాతాలో 75 శాతం, ఏది తక్కువైతే అది తీసుకోనిచ్చారు. బంగారం అమ్మకండి, తాకట్టు పెట్టండి. జనవరిలో పది గ్రాములు 40 వేల చుట్టుపక్కల ఉన్నది ఆగస్టుకి 55 వేలు దాటింది, ఏప్రిల్‌లో కంగారుపడి అమ్మినవాళ్లు ఏమనుకుని ఉంటారో. షేర్లదీ అదే కథ, మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 3,900 పాయింట్లకు పైగా పడి 26 వేల కిందికి వెళ్లింది, నవంబరుకి జనవరి ఎత్తు దాటేసింది. అలా అని పడినప్పుడు కొనండి అనట్లేదు, ఇంటి ఖర్చు డబ్బుతో అస్సలు వద్దు. చిట్టీ వేస్తున్నవాళ్లు భయపడి భారీగా తగ్గించి పాడుకోకండి, అవసరం లేనంత వరకు ఆగండి.

ఆరోగ్య బీమా ఇప్పుడే చూసుకోండి. కొత్త పాలసీలకు మామూలుగా మొదటి 30 రోజులు జబ్బులకు వర్తించదు, కరోనా కవచ్ లాంటి ప్రత్యేక పాలసీ వచ్చింది జులై 10న, అంటే అప్పటికే వైరస్ వచ్చి అయిదు నెలలు దాటింది. కంపెనీ ఇచ్చిన బీమా ఉద్యోగంతో పాటే పోతుంది. తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రులకు రోజుకు మామూలు గది 4,000, ఐసీయూ 7,500, వెంటిలేటర్ 9,000 అని జూన్‌లో పెట్టారు, కానీ పీపీఈ కిట్లు, ఖరీదైన మందులు అందులో లేవు. కాబట్టి చేరేటప్పుడే ఏవి కలిపి, ఏవి విడిగా అని కాగితం మీద రాయించుకోండి.

సర్కారు ఇచ్చేది మొహమాటపడకుండా తీసుకోండి. తెలంగాణలో రేషన్ కార్డుకి మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 ఇచ్చారు, ఆంధ్రాలో 1,000, జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు కేంద్రం నెలకు 500 చొప్పున మూడు నెలలు వేసింది. కార్డులో పేరు లేనివాళ్లు, ఖాతా మూలపడినవాళ్లే నష్టపోయారు. మామూలు రోజుల్లోనే ఒకసారి మీసేవకో సచివాలయానికో వెళ్లి అన్నీ సరిచూసుకోండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా చూసిపెట్టండి, వీలైతే ఆమె రాని నెలలకూ జీతం ఇవ్వండి.

ఎక్కడ ఉండాలో ముందే తేల్చుకోండి

మార్చి 25న అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లు ఖాళీ చేయమంటే పిల్లలు పోలీసుల దగ్గర అనుమతి పత్రాలు తీసుకుని బయల్దేరారు, జగ్గయ్యపేట దగ్గర గరికపాడులో ఆంధ్రా పోలీసులు ఆపేశారు. ఒక రాష్ట్రం ఇచ్చిన కాగితం ఇంకో రాష్ట్రంలో చెల్లలేదు. వలస కూలీలకు మొదటి రైలు లింగంపల్లి నుంచి కదిలింది మే 1న, విదేశాల నుంచి ప్రత్యేక విమానాలు మొదలైంది మే 7న. అంటే ఇరుక్కుంటే నెలా రెండు నెలలు అక్కడే. బడులు మూసిన వారంలోనే వెళ్లడమో ఉండిపోవడమో తేల్చుకోండి, ఆ తర్వాత దారిలో ఉండే కంటే ఉన్నచోటే ఉండటం మేలు.

దుబాయ్‌లోనో డాలస్‌లోనో ఉండి ఊళ్లో అమ్మానాన్నలు ఒంటరిగా ఉన్నవాళ్లు, పక్కింటివాళ్ల నంబరు, మందుల షాపు నంబరు, కిరాణా కొట్టు ఫోన్‌పే, ఊరి ఆశా వర్కర్ నంబరు దగ్గర ఉంచుకోండి. పక్కింటి కుర్రాడికి కాస్త డబ్బు ముందే ఇచ్చి పెట్టండి. డబ్బు పంపడం తేలికే, దాంతో కొనుక్కొచ్చే మనిషి ఉండాలి.

ఇక పెళ్లి పెట్టుకున్నవాళ్లు. మార్చి, ఏప్రిల్, మే అంటే ముహూర్తాల కాలం, అప్పుడు ఫంక్షన్ హాళ్ల అడ్వాన్సుల మీద జరిగిన గొడవలు అన్నీ ఇన్నీ కావు. డబ్బు వెనక్కి ఇవ్వమంటే ఎవరూ ఇవ్వరు, తేదీ మార్చమంటే చాలామంది ఒప్పుకుంటారు, కాబట్టి అదే అడగండి, వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. క్యాటరింగ్‌కి, మండపానికి చెరో పదివేలు మించి అడ్వాన్సు ఇవ్వకండి. కార్డులు మాత్రం కొట్టించకండి, ఫోన్లో పిలిస్తే రాకుండా మానేవాళ్లు కార్డు ఇచ్చినా రారు.